తొట్టిలో చెయ్యి

మనిషి కనిపెట్టినవాటిలో చక్రం గొప్పదా, కరెంటు గొప్పదా అని తెలిసినవాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఇక ఆపమనండి. రెండూ కావు. చొక్కా కాలరు లోపల కూర్చుని పొద్దస్తమానం మెడ గీరుతూ ఉంటుందే, ఆ బెత్తెడు లేబుల్, దాని మీద ఉండే ఉతుకుడు గుర్తులు, అవీ గొప్పవి!

నవ్వకండి. ఒక్కసారి మీ చొక్కా విప్పి చూడండి. బస్సులో ఉంటే వద్దులెండి, ఇంటికెళ్ళాక చూడండి. ఒక తొట్టి, ఒక త్రికోణం, ఒక చతురస్రం, ఒక ఇస్త్రీపెట్టె, ఒక సున్నా. ఐదంటే ఐదు బొమ్మలు. వాటి మీద కొన్నిచోట్ల ఇంటూ మార్కులు, లోపల చుక్కలు, కింద గీతలు. ఆ చొక్కా ఎక్కడ కుట్టారో తొమ్మిది భాషల్లో రాస్తారు. ఎలా ఉతకాలో మాత్రం ఏ భాషలోనూ రాయరు. ఎంత సమదృష్టి! డిగ్రీలున్నవాడికీ అర్థం కాదు, వేలిముద్ర వేసేవాడికీ అర్థం కాదు. ఇంతటి సమానత్వం ఇంకెక్కడైనా చూశారా?

ఆ లేబుల్ వల్ల జరిగే మేలు అంతా ఇంతా కాదు. కిందటేడు నేనొక కర్చీఫ్ కొన్నాను. దాని లేబుల్ కర్చీఫ్ కన్నా పొడుగు. కర్చీఫ్ పారేసి లేబులే వాడుకుంటున్నాను, హాయిగా ఉంది. మా ఆఫీసు క్యాషియరుకి కళ్ళజోడు నంబరు మారిందని బయటపడింది కూడా ఒక తువ్వాలు లేబుల్ దగ్గరే. మా తోడల్లుడు ఒక ప్యాంటు కొన్నాడు. దాని మీద ఐదు బొమ్మలకీ ఐదు ఇంటూలు. ఉతకకూడదు, బ్లీచింగ్ పెట్టకూడదు, ఆరబెట్టకూడదు, ఇస్త్రీ చెయ్యకూడదు, డ్రైక్లీనింగుకీ ఇవ్వకూడదు. మరి ఆ ప్యాంటుని ఏం చెయ్యాలి? గౌరవించాలి! మా తోడల్లుడు దాన్ని బీరువాలో పెట్టి, పండక్కొచ్చిన అల్లుడిని చూసుకున్నట్టు చూసుకుంటున్నాడు.

ఇవన్నీ చిన్న మేళ్ళు. అసలు వరం వేరే ఉంది. నిదానంగా వినండి. గుర్తు చదవడం రానివాడు ఆ బట్టను ముట్టుకుంటే బట్ట పాడవుతుంది. బట్ట పాడైతే ఇంట్లో గొడవవుతుంది. మగవాడికి ఆ గుర్తులు చదవడం రాదు. కాబట్టి మగవాడు ముట్టుకోడు. కాబట్టి ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. ఈ తర్కంలో ఎక్కడైనా సూది దూరే సందుందా చెప్పండి?

ఈ ప్రశాంతతను కాపాడటానికే మా బిల్డింగులో ఒక సంఘం పెట్టుకున్నాం. పేరు లేబుల్ తెలియనివారి సంఘం. పద్నాలుగు ఫ్లాట్లు, పద్నాలుగురు సభ్యులు. ఆదివారం పొద్దున్నే కింద బళ్ళు పెట్టుకునే షెడ్డులో కుర్చీలు వేసుకుని కూర్చుంటాం. ప్రతివాడూ ఆ వారం తనకు అర్థం కాని గుర్తు ఒకటి తెచ్చి అందరికీ చూపించాలి. ఎవరికీ అర్థం కాలేదని తీర్మానం చేసుకుని, టీ తాగి లేస్తాం. మీటింగు జరుగుతున్నంతసేపూ పైన పద్నాలుగు ఇళ్ళల్లోనూ కుళాయిలు పారుతూనే ఉంటాయి. ఆ చప్పుడు వింటూ కూర్చుంటే ఎంత చల్లగా ఉంటుందో!

నేను సంఘానికి కార్యదర్శిని. అధ్యక్షులు మూడో అంతస్తులో ఉండే ఇన్‌స్పెక్టరు గారు. అంటే పోలీసు కాదు, డ్రైవింగ్ టెస్టు ఇన్‌స్పెక్టరు. లైసెన్సు కావాలని వచ్చినవాళ్ళకు బండిలో పక్కన కూర్చుని పరీక్ష పెడతారు. గుర్తుల విషయంలో ఆయన ఎంత నిక్కచ్చి మనిషో ఊరంతా తెలుసు. ఇరవై ఏళ్ళు లారీ నడిపిన మనిషి ఒకడు రెన్యువల్‌కి వచ్చి, ఒక్క త్రికోణం ముందు తడబడ్డాడని అతణ్ణి నెల రోజులు బండి దింపించారు. ఆయన నోట ఎప్పుడూ ఒకటే మాట. గుర్తు తెలియనివాడు బండి ముట్టుకోకూడదు. ఆ నియమమే ఇంటికీ తెచ్చుకున్నారు. గుర్తు తెలియనివాడు బట్ట ముట్టుకోకూడదు. పెళ్ళయి ఇరవయ్యారేళ్ళయింది, ఆ నియమం ఒక్కనాడూ తప్పలేదు.

ఒకసారి మాత్రం ఆయన వాషింగ్ మెషిన్ దగ్గరకు వెళ్ళారు. తన ప్యాంటు లేబుల్ మీద తొట్టి, తొట్టిలో ముప్పై అంకె కనబడ్డాయి. నీళ్ళ వేడి ముప్పై డిగ్రీలు దాటకూడదని దాని అర్థమట. అది మనబోటివాళ్ళకు ఎలా తెలుస్తుంది? ఇన్‌స్పెక్టరు గారు దాన్ని స్పీడ్ లిమిట్ అనుకున్నారు. మెషిన్ గిర్రున తిరగడం మొదలుపెట్టగానే కంగారుపడి స్విచ్ పీకేసి, ఓవర్ స్పీడ్ అని కాగితం మీద రాసి మెషిన్‌కి అంటించారు. ఆయన శ్రీమతి వచ్చి, సగం తడిసిన ప్యాంటు చూసి, మీరిటువైపు రాకండి మహాప్రభో అని దణ్ణం పెట్టారు. ఆయన ఎగిరి గంతేసినంత పని చేసి ఆ మాటను మా సంఘం మినిట్స్‌లో రాయించారు.

ఆయన శ్రీమతి పెద్దాసుపత్రిలో నర్సమ్మ. మా బిల్డింగులో జ్వరమొచ్చినా, వేలు తెగినా ఆవిడ తలుపే కొడతాం. హెడ్ నర్సు పోస్టు కోసం తొమ్మిదేళ్ళు ఎదురుచూశారావిడ. రెండుసార్లు చేతిదాకా వచ్చి జారిపోయింది. మూడోసారి వచ్చింది. సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి, స్టాఫంతా చూస్తుండగా సూపరింటెండెంటు గారు జేబు మీద బ్యాడ్జి పెడతారు. శనివారం సాయంత్రం ఆసుపత్రి స్టోరు నుంచి కొత్త కోటు ఇచ్చి పంపారు. లేత నీలం రంగు. ఒకటే ఇచ్చారు. రెండోది వచ్చే నెలలో ఇస్తామన్నారట. బిడ్డ చార్జి తీసుకోవడం చూడాలని ఆవిడ తల్లి, అంటే ఇన్‌స్పెక్టరు గారి అత్తగారు, ఆ సాయంత్రమే బస్సు దిగారు.

నర్సమ్మ గారు కోటు వేసుకుని అద్దం ముందు నిలబడ్డారు. ఇన్‌స్పెక్టరు గారు టీ కప్పుతో గదిలోకి వచ్చి చూశారు. ఆయన గుండె నిండిపోయింది. నిజంగా నిండిపోయింది, అందులో నటనేం లేదు. ఆ ఆనందంలో కాళ్ళు దగ్గరకు చేర్చి ఠీవిగా సెల్యూట్ కొట్టారు. కప్పు ఏ చేతిలో ఉందో ఆ చేత్తోనే కొట్టారు.

టీ వెళ్ళి సరిగ్గా కోటు జేబు మీద పడింది. ఎల్లుండి బ్యాడ్జి పెట్టేచోట.

ఆవిడ మెల్లగా కోటు విప్పి కుర్చీకి తగిలించారు. ఆ రాత్రి ఆవిడ ఆ మాటే ఎత్తలేదు. ఆదివారం డే డ్యూటీ ఉంది. పొద్దున్న ఏడింటికి చెప్పులు వేసుకుంటూ అన్నారు.

"ఏవండీ, ఒలకబోసింది మీరు. ఉతకాల్సింది కూడా మీరే. సాయంత్రం ఆరింటికి వస్తాను. రేపు పొద్దున్న ఆ కోటు నా ఒంటి మీద ఉండాలి." తర్వాత తల్లి వైపు తిరిగి, "అమ్మా, నువ్వు మాత్రం చెయ్యి పెట్టకు," అని చెప్పి వెళ్ళిపోయారు.

ఇరవయ్యారేళ్ళలో ఆవిడ ఆయన్ని ఒక బట్ట ఉతకమని అడగడం అదే మొదలు. ఇన్‌స్పెక్టరు గారి గుండెల్లో రాయి పడింది.

వీధి చివర లాండ్రీకి పరిగెత్తారు. ఆదివారం సెలవు అని బోర్డు. బోర్డంటే ఆయనకు శిలాశాసనం, మారుమాట లేకుండా వెనక్కి తిరిగారు. కోటు కాలరు తిరగేశారు. ఐదు బొమ్మలు. అప్పుడు నన్ను పిలిపించారు. మీటింగు మధ్యలోంచి పైకి వెళ్ళాను. భూతద్దం పెట్టి ఆ లేబుల్ని మూడు నిమిషాలు చూశాను. సంఘం కార్యదర్శి ఏం చెప్పాలో అదే చెప్పాను. "అధ్యక్షా, నాకేం బోధపడటం లేదు," అని కిందికొచ్చి టీ తాగాను.

ఇక ఆయన ఒక్కరే మిగిలారు. ఒక్కరే అంటే, హాల్లో కుర్చీ వేసుకుని అత్తగారు కూడా ఉన్నారు, కానీ ఆవిడ చెయ్యి పెట్టకూడదు కదా. ఇన్‌స్పెక్టరు గారు టెస్టు ఫారం ఒకటి తీసి, వెనకవైపు రూట్ మ్యాప్ గీయడం మొదలుపెట్టారు. గుర్తులు చదవడం తన వృత్తి. రోడ్డు మీద గుర్తులు చదివినవాడికి చొక్కా మీద గుర్తులు ఒక లెక్కా? ఇంతకాలం సంఘం పరువు కోసం ప్రయత్నించలేదు గానీ!

మొదటి బొమ్మ తొట్టి. అందులో నీళ్ళు. నీళ్ళలో ఒక చెయ్యి. ట్రాఫిక్‌లో చెయ్యి చూపిస్తే ఏమిటర్థం? ఆగు అని. అంటే నీళ్ళ దగ్గర ఆగిపోవాలి, ముందుకు పోరాదు. ఆయన ఫారం మీద రాసుకున్నారు, ఈ కోటుకి నీళ్ళు తగలకూడదు.

రెండోది త్రికోణం, దాని మీద ఇంటూ. త్రికోణం అంటే ముందు ప్రమాదం ఉంది. కొట్టేశారంటే ప్రమాదం దాటిపోయింది. నీళ్ళు దాటాక ఇక భయం లేదన్నమాట. మూడోది చతురస్రంలో సున్నా, దాని మీద ఇంటూ. ఇది మరీ తేలిక. నో స్టాపింగ్. ఎక్కడా ఆగరాదు.

నాలుగోది చూసి అత్తగారు, "అది ఇస్త్రీపెట్టె కదండీ," అన్నారు. ఇన్‌స్పెక్టరు గారు జాలిగా నవ్వారు. "కాదత్తయ్యగారూ, అది మూసిన వ్యాను. లోపల చుక్క ఒక్కటే ఉంది చూశారా? డ్రైవరు ఒక్కడే ఉండాలి, క్లీనరు ఎక్కకూడదు." ఐదోది సున్నాలో ఇంగ్లీషు అక్షరం పి. అంటే పార్కింగ్.

రూట్ మ్యాప్ పూర్తయింది. కోటు నీళ్ళ జోలికి వెళ్ళకూడదు, ఎక్కడా ఆగకూడదు, ఒక్క మనిషే నడపాలి, చివరికి హేంగరుకి పార్క్ చెయ్యాలి. కదులుతూ ఉంటే గాలి తగిలి మరక అదే ఎగిరిపోతుందని లేబుల్ రాసినవాళ్ళ ఉద్దేశం. ఎంత శాస్త్రీయం!

ఎనిమిదిన్నరకు ఆయన కోటు చేతి మీద వేసుకుని బయల్దేరారు. పడగ్గది, హాలు, వంటిల్లు, బాల్కనీ, మళ్ళీ పడగ్గది. మలుపు వచ్చినప్పుడల్లా ఖాళీగా ఉన్న చెయ్యి చాపి సిగ్నల్ ఇచ్చారు. వంటింటి గుమ్మం దగ్గర హారన్ కొట్టారు, నోటితోనే. హాల్లో స్టూలు అడ్డొస్తే కుడివైపు నుంచి ఓవర్‌టేక్ చేశారు. అత్తగారు కాళ్ళు వెనక్కి లాక్కుని దారిచ్చి, తన మానాన తను చూస్తూ కూర్చున్నారు.

పది దాటింది, పదకొండు దాటింది. తొమ్మిదికి తినాల్సిన టిఫిను అలాగే ఉంది. ఆగితే రూలు తప్పినట్టే కదా. అత్తగారు వంటింటి గుమ్మం దగ్గర ముద్ద పట్టుకుని నిలబడితే, ఆయన రౌండుకో ముద్ద నోట్లో వేయించుకుని సాగిపోయారు.

పన్నెండున్నరకు ఫోను మోగింది. ఆగకూడదు గనక అత్తగారు ఫోను ఆయన చెవికి ఆనించి పక్కన నడిచారు.

"ఉతికారా?" అన్నారు నర్సమ్మ గారు. వెనక వార్డులో ఎవరో దగ్గుతున్నారు.

"దారిలో ఉంది," అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"దారిలో ఉండటమేమిటి? సరే, నాకిప్పుడు టైం లేదు. రేపు డాక్టర్లంతా కూడా వస్తారట. కాస్త జాగ్రత్తండీ." ఆ చివరి మాట ఆవిడ గొంతు తగ్గించి అన్నారు. ఎవరినీ ఏదీ అడగని మనిషి అడిగితే ఎలా ఉంటుందో అలా ఉంది.

ఫోను పెట్టేశాక ఇన్‌స్పెక్టరు గారి నడక మందగించింది. మొదటిసారి మరక వైపు సరిగ్గా చూశారు. అరచేతి వెడల్పు ఉంది. నాలుగు గంటలు నడిపించినా ఇసుమంత కదల్లేదు. పైగా అంచులు ముదురుతున్నాయి. ఆయనకు భయమేసింది. రెండోసారి ఆ పోస్టు చెయ్యి జారిన రోజు ఆయనకు గుర్తొచ్చింది. ఆవిడ ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా రెండు బకెట్ల బట్టలు ముందేసుకుని కూర్చున్నారు. హాల్లో పేపరు చదువుకుంటూ ఆయన ఆ ఉతుకుడు చప్పుడు విన్నారు. ఆ రోజు చప్పుడు వేరుగా ఉందని ఆయనకు తెలిసింది. తెలిసి కూడా పేపరు పేజీ తిప్పారు. అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

మూడు గంటలకు అత్తగారు నోరు విప్పారు.

"అల్లుడుగారూ, నాకో సందేహం. బళ్ళను ఆగమని చెయ్యి చూపిస్తారే, ఆ చేతికి వేళ్ళు ఎటుంటాయి?"

"పైకి, అత్తయ్యగారూ," అన్నారాయన నడుస్తూనే.

"ఆ తొట్టిలో చేతికి ఎటున్నాయి?"

ఇన్‌స్పెక్టరు గారు ఆగిపోయారు. ఆ రోజు మొత్తంలో అదే మొదటిసారి ఆగడం. కాలరు తిరగేసి, కళ్ళజోడు సర్దుకుని చూశారు. వేళ్ళు కిందికి ఉన్నాయి. నీళ్ళలోకి. అది ఆగమనే చెయ్యి కాదు, పనిలోకి దిగిన చెయ్యి. చేత్తో ఉతకమంటోంది ఆ బొమ్మ. పొద్దున్నుంచీ దాన్నే ఆయన నీళ్ళు ముట్టుకోవద్దనే హెచ్చరికగా చదివారు.

ఇంతకన్నా చిన్న తప్పుకి ఎంతమందిని ఇంటికి పంపలేదాయన! కుర్చీలో కూలబడి, రూట్ మ్యాప్ గీసిన ఫారం తిప్పి పెన్ను తీశారు. అభ్యర్థి పేరు దగ్గర తన పేరు రాసుకున్నారు. ఫలితం దగ్గర ఫెయిల్ అని రాశారు. కారణం అనే గడిలో కాసేపు ఆలోచించి, చేతి గుర్తు తలకిందులుగా చదివాడు, నీళ్ళు చూసి పారిపోయాడు అని రాసి సంతకం పెట్టారు. ఏమాటకామాట చెప్పుకోవాలి, తన విషయంలో కూడా ఆయన రూలు సడలించలేదు.

"మళ్ళీ టెస్టు ఎన్నాళ్ళకి పెడతారు?" అడిగారు అత్తగారు.

"ముప్పై రోజులు ఆగాలండీ."

"కోటు రేపు తొమ్మిదింటికి కావాలి కదా."

ఇన్‌స్పెక్టరు గారు ఉద్యోగ జీవితంలో మొట్టమొదటిసారి ఒక రూలు పక్కన పెట్టి లేచారు. బాత్రూము గుమ్మందాకా వెళ్ళారు. అక్కడ ఆయనకు ఆఖరి దారి ఒకటి తోచింది. మునిగిపోయేవాడికి గడ్డిపరక దొరికినంత సంబరంగా వెనక్కి తిరిగారు.

"అత్తయ్యగారూ, చెయ్యి పెట్టమనే ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఎవరి చెయ్యో అందులో ఎక్కడా లేదు. ఆడవాళ్ళ చెయ్యో, మగవాళ్ళ చెయ్యో తేలకుండా మనమెలా నిర్ణయిస్తాం?"

అత్తగారు ఆయన చేతిలోంచి కోటు తీసుకోలేదు, కూతురు వద్దంది కదా. భూతద్దం మాత్రం తీసుకుని, వంగి, ఆ బొమ్మను తీరిగ్గా చూశారు.

"గాజులు గీశారేమోనని చూశాను. లేవండీ," అన్నారు.

ఇన్‌స్పెక్టరు గారు చొక్కా చేతులు మడిచారు.

ఆ తర్వాత జరిగింది టెస్టే. కాకపోతే పక్కన నిలబడినావిడ ఇన్‌స్పెక్టరు, తొట్టి ముందు చతికిలబడినాయన అభ్యర్థి. సబ్బు పొడి ఎంత వెయ్యాలో తెలియక గ్లాసుడు వేశారు. నురగ మోకాళ్ళ దాకా వచ్చింది. పారబోసి మళ్ళీ మొదలుపెట్టించారావిడ. మరకను పలక తుడిచినట్టు గట్టిగా రుద్దబోతే, "రుద్దకండి, నొక్కండి," అన్నారు. మెలిపెట్టి పిండబోతే, "పిండకండి, వదలండి," అన్నారు. ఆయన నడుము పట్టేసింది, మోకాళ్ళు ఒరుసుకుపోయాయి, చొక్కా మొత్తం తడిసి ఒంటికి అతుక్కుంది. మూడోసారి నీళ్ళు మార్చాక మరక రంగు తగ్గింది. ఐదోసారికి కనబడలేదు. ఆయన కోటుని వెలుతురుకు పట్టి చూసి, చిన్నపిల్లవాడిలా అత్తగారి వైపు తిరిగారు.

"పాసా అండీ?"

"ఆరనివ్వండి, చెప్తాను."

నర్సమ్మ గారు ఆరింటికి వచ్చారు. కోటు కిటికీ పక్కన నీడలో హేంగరుకి వేలాడుతోంది. కింద నేల మీద నీళ్ళ చుక్కలు పడుతున్నాయి. ఆవిడ జేబు దగ్గర చేత్తో తడిమి చూశారు. శుభ్రంగా ఉంది. తర్వాత భర్త చేతులు చూశారు. వేళ్ళ చివర్లు నానిపోయి ముడతలు పడ్డాయి.

"ఎంతసేపు పట్టింది?"

"ఉతకడానికి అరగంట. చదవడానికి ఏడు గంటలు."

ఆవిడ కుర్చీలో కూర్చుని చెప్పులు విప్పుకున్నారు. "నేను పెళ్ళయిన మొదటి నెలలోనే చదువుకున్నాను. ఎవరూ నేర్పలేదు. అందులో ఉన్నది నా చెయ్యే అనుకున్నాను," అన్నారు.

కోపంగా అనలేదు. వార్డులో రోగికి జ్వరమెంతుందో చెప్పినంత మామూలుగా అన్నారు. ఇన్‌స్పెక్టరు గారు ఆవిడ చెప్పులు తీసి మూల పెట్టారు. ఆ తర్వాత బాత్రూములో మిగిలిన బట్టల బకెట్ కనబడితే లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. సోమవారం తొమ్మిదింటికి, లేత నీలం కోటు జేబు మీద సూపరింటెండెంటు గారు బ్యాడ్జి పెట్టారు. కోటు మెరిసిపోతోందని ఎవరో అంటే, మా ఆయన ఉతికారు అన్నారట ఆవిడ. స్టాఫంతా జోకనుకుని చప్పట్లు కొట్టారట.

పాఠకులారా, ఇంతవరకూ ఒక పెద్దమనిషి పతనం చెప్పాను. ఇక ఒక సంస్థ పతనం వినండి. తర్వాతి ఆదివారం మీటింగుకి అధ్యక్షులు రాలేదు. రాజీనామా వచ్చింది. కాగితం మీద సంతకం కన్నా తడి వేలిముద్రే ప్రస్ఫుటంగా ఉంది. పోనీ అంతటితో ఆగిందా? ఆ అత్తగారు నెల రోజులు ఉండి వెళ్తానని మకాం వేశారు. మధ్యాహ్నాలు తోచక భూతద్దం పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నారు. ప్రతి ఇంట్లోనూ ఒక చొక్కా అడిగి తీసుకోవడం, కాలరు తిప్పడం, గాజులు ఉన్నాయేమో చూడమ్మా అని ఆడవాళ్ళకు చూపించడం! రెండో వారం మీటింగుకి తొమ్మిదిమంది వచ్చాం. మూడో వారం నలుగురం. కిందటి ఆదివారం షెడ్డులో నేనూ, నా కుర్చీ.

నేను ఒంటరిగా టీ తాగి ఇంటికెళ్ళేసరికి మా ఆవిడ గుమ్మంలో నా చొక్కా పట్టుకుని నిలబడి ఉంది. "ఏవండీ, ఈ బొమ్మలో చెయ్యి ఎవరిదంటారు?" అని అడిగింది.

ఇప్పుడు మీకొక నిజం చెప్పాలి. ఎవరికీ చెప్పనంటే చెప్తాను. ఆ ఐదు బొమ్మలూ నాకు పదకొండేళ్ళ నుంచీ తెలుసు. ఒకసారి కొత్త చొక్కాతోపాటు వాటి అర్థాలు రాసిన చిన్న పుస్తకం వచ్చింది. కూర్చుని కంఠతా పట్టాను. పట్టాక పుస్తకాన్ని ముక్కలు చేసి, మా వీధిలో కాదు, పక్క వీధి చెత్తకుండీలో పడేసి వచ్చాను. ఆ ఆదివారం మూడో అంతస్తులో భూతద్దం పెట్టి చూసిన మూడు నిమిషాల్లో మొదటి క్షణంలోనే నాకు తెలుసు అది చేత్తో ఉతకాల్సిన కోటని. మిగతా రెండు నిమిషాల యాభైతొమ్మిది క్షణాలూ ముఖం అమాయకంగా పెట్టడానికి వాడాను. నేనే కాదు, మా పద్నాలుగురిలో ఎంతమందికి తెలుసో నాకు తెలుసు. ఒక్క ఇన్‌స్పెక్టరు గారికే నిజంగా తెలియదు. అందుకే ఆయన్ని అధ్యక్షుణ్ణి చేశాం.

కాబట్టి లేబుళ్ళు తయారుచేసే కంపెనీలన్నిటికీ ఈ కాలమ్ ద్వారా ఒక విన్నపం చేసుకుంటున్నాను. మీ బొమ్మలు బంగారం. ఇంటూలు, చుక్కలు, గీతలు ఏవీ మార్చకండి. ఆ తొట్టిలో చేతికి మాత్రం నాలుగు గాజులు గీయండి, మీకు పుణ్యముంటుంది. కుదరకపోతే కనీసం ఆ చెయ్యి కాస్త మసగ్గా అచ్చు వెయ్యండి. ఎన్ని సంసారాలు, ఎన్ని ఆదివారాలు, ఎన్ని టీలు మీ చేతుల్లో ఉన్నాయో ఆలోచించండి.

ఇంకా రెండు పేజీలు రాయాలనుకున్నాను. చేతులు తడిగా ఉన్నాయి, కాగితం మీద సిరా అలుక్కుపోతోంది. పైగా దుప్పటి ఇంకా నానబెట్టే ఉంది.